కోటు పాట

మా సాండ్‌హోమ్‌లో సముద్రం చూడాలంటే అదృష్టం ఉండాలి. ఊరు ఒడ్డునే ఉంది, కాదనేవాళ్ళెవరూ లేరు. కానీ ఆ సముద్రానికే ఊరి ముఖం చూడాలని ఉండదు. ఎప్పుడు చూసినా ఇసక మేటలకి అవతల ఎక్కడో సన్నగా మెరుస్తూ పడుంటుంది. ఇంకేం చేస్తారు జనం? మధ్యాహ్నం మూడయ్యేసరికి పెంబ్రిడ్జ్ హోటల్ మేడ మీదికి చేరతారు. అక్కడ టీ ఉంటుంది. మూడంతస్తుల పళ్ళేల్లో కీరదోసకాయ సాండ్‌విచ్చులు, స్కోన్లనే చిన్న మెత్తటి రొట్టెలు, మీగడ, కేకు ముక్కలు ఉంటాయి. మూలన, కుండీలో పెంచిన తాటిమొక్క పక్కన, సంగీతం ఉంటుంది.

ఆ సంగీతం ముగ్గురిది. ఫిడేలు ఎనిడ్ రాక్లిఫ్‌ది. మోకాళ్ళ మధ్య నిలబెట్టి వాయించే పెద్ద ఫిడేలు, అదే చెల్లో, మాడ్జ్ ఒగ్డెన్‌ది. పియానో క్లెమెంట్ హాల్సల్ గారిది. ఎనిడ్‌కీ మాడ్జ్‌కీ అరవై దగ్గర పడుతున్నా ఆయన ఇప్పటికీ వాళ్ళని "అమ్మాయిలూ" అనే పిలుస్తారు. డెబ్భై దాటిన మనిషి కనక ఆ హక్కు ఆయనకి ఉంది. యుద్ధానికి ముందు నుంచీ ఈ ముగ్గురూ ఆ మూలనే ఉన్నారు. పంచదార దొరకని రోజుల్లోనూ, కిటికీలకి నల్లగుడ్డలు కట్టుకున్న రోజుల్లోనూ ఆ మూల ఖాళీ అవలేదు.

రోజుకి రెండు బంతులు. మూడింటికి మొదటి బంతి, నాలుగున్నరకి రెండో బంతి. మొదటి బంతి వాళ్ళు లేస్తేగాని రెండో బంతి వాళ్ళకి కుర్చీ ఉండదు. ఇంతకాలంగా ఎవరూ ఎవర్నీ లేవమన్నది లేదు, గడియారం చూసుకున్నదీ లేదు. అన్నీ వాటంతటవే జరిగిపోయేవి.

ఇంకో సంగతి. పెంబ్రిడ్జ్‌లో ఎవరూ చప్పట్లు కొట్టరు. ఒక చేతిలో కప్పు, ఇంకో చేతిలో స్కోను పెట్టుకుని చప్పట్లెలా కొడతారు? పైగా నలుగురిలో అలా పొగిడేస్తే వాయించేవాళ్ళు సిగ్గుతో చచ్చిపోతారని మా వాళ్ళ భయం. అందుకని పాట అయిపోతుంది, చెంచాలు గలగలమంటాయి, ఇంకో పాట మొదలవుతుంది. అంతే.

మిగతా ఇద్దరికీ ఇదేం పట్టలేదు. ఎనిడ్‌కి మాత్రం కడుపులో ఓ చిన్న మంట. ఫిడేలు ఒక చెవి కింద మోగుతుంటే ఆవిడ రెండో చెవి ఎప్పుడూ హాల్లో చెంచాల మీదే ఉండేది. ఒక్కరోజు, ఒక్క నిమిషం, ఆ చెంచాలన్నీ ఆగాలని ఆవిడ కోరిక. మనుషులు తినడం మానేసి వింటే అంతకంటే ఏం కావాలి? ఇన్నేళ్ళలో ఆగింది ఒక్కసారే. అదీ పోస్టుమాస్టరు గారు సొమ్మసిల్లి పడిపోయినప్పుడు.

"నీకేమైనా పిచ్చా?" అనేది మాడ్జ్. "వీళ్ళు పాటకి రారే, మీగడకి వస్తారు. మనం కిటికీ తెరల్లాంటి వాళ్ళం. ఉంటే ఎవరూ చూడరు."

"లేకపోతే తెలుస్తుందిగా?"

"లేకపోతే ఎండ కొడుతుంది. ఈ ఊళ్ళో ఆ భయమూ లేదు."

అన్నిటికంటే ఎనిడ్‌ని కాల్చుకు తినేది కోటు పాట. ప్రతి బంతికీ చివర వాయించే పాట అది. దానికి అసలు పేరంటూ లేదు. ఎప్పుడో ఒక చలికాలం జలుబు చేసి పడుకున్నప్పుడు ఎనిడ్ సొంతంగా కట్టిన పాట. ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. మొదటి సగం ఉయ్యాల ఊగినట్టు హుషారుగా సాగుతుంది. రెండో సగంలో స్వరం కిందికి దిగుతుంది. ఎవరో వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి ఒక్కసారి వెనక్కి చూసినట్టు ఉంటుంది. ఆ రెండో సగమంటే ఎనిడ్‌కి ప్రాణం.

ఏం లాభం? పాట మొదలవగానే కిటికీ పక్క బల్ల దగ్గర మిసెస్ రిమ్మర్ చేతి తొడుగులు అందుకుంటుంది. ఆవిడ ఈ ఊరికి మేయరుగా చేసి పోయిన రిమ్మర్ గారి భార్య. ఎనభై ఏళ్ళ మనిషి, వెన్ను మాత్రం ఇప్పటికీ గోడకి ఆనించినట్టు నిటారు. ఆవిడ లేస్తే హాలంతా లేస్తుంది. కుర్చీలు కీచుమంటాయి, గొడుగులు కిందపడతాయి, సర్వర్ బెరిల్ చేతినిండా కోట్లు మోసుకుంటూ వస్తుంది. రెండో సగం వచ్చేసరికి జనం చేతులన్నీ కోటు చేతుల్లో ఇరుక్కుని ఉంటాయి. అందుకే మాడ్జ్ దానికి కోటు పాట అని పేరు పెట్టింది. దాని రెండో సగం ఎలా ఉంటుందో ఈ భూమ్మీద ముగ్గురికే తెలుసు. ఆ ముగ్గురూ వాయించేవాళ్ళే.

ఆ ఏడు సెప్టెంబరులో హోటల్‌కి కొత్త మేనేజరు వచ్చాడు. డెస్మండ్ బ్రిండిల్ అని మాంచెస్టర్ కుర్రాడు, ముప్ఫై నిండాయో లేదో. చెడ్డవాడనడానికి లేదు. బెరిల్ కాళ్ళు నొప్పులంటే కొత్త జోళ్ళు కొనిపెట్టాడు, వంటవాడితో కూడా గట్టిగా మాట్లాడడు. కాకపోతే కొత్త వస్తువు కంటబడితే ఒళ్ళు తెలియని రకం. బ్లాక్‌పూల్‌లో ఏదో ప్రదర్శన చూడ్డానికి వెళ్ళి రేడియోగ్రామ్ ఒకటి వ్యాన్‌లో వేయించుకొచ్చాడు. బీరువా అంత పెట్టె. పైన గ్రామఫోను డిస్కులు దొంతరగా పెడితే చాలు, ఒకటి అయిపోగానే ఇంకోటి టక్కుమని దానంతటదే పడుతుంది. మనిషి ముట్టుకోనక్కర్లేదు. ఆ టక్కు చూపించడానికి అతను వంటవాణ్ణీ, గదులు ఊడ్చేవాళ్ళనీ కూడా పిలిచాడు.

శుక్రవారం రెండో బంతి అయ్యాక ముగ్గుర్నీ కూర్చోబెట్టి, తనే స్వయంగా టీ పోసి, విషయం బయటపెట్టాడు. వారం రోజులుగా తాటిమొక్క వెనకాల నిలబడి గమనించానన్నాడు. వాయిస్తున్నంతసేపూ ఒక్కరూ మూల వైపు తల తిప్పలేదన్నాడు. అయ్యాక ఒక్క చెయ్యీ కదల్లేదన్నాడు. సోమవారం నుంచి పెట్టె వాయిస్తుందనీ, వీళ్ళు చాలా ఏళ్ళు కష్టపడ్డారు కనక ఇక హాయిగా ఇంటిపట్టున ఉండొచ్చనీ అన్నాడు. చెప్పడానికి అతనికీ కష్టంగానే ఉంది, చెవులు ఎర్రగా కందిపోయాయి. మాడ్జ్ ఊరుకునే రకం కాదు. మేమే కావాలని జనం అడిగితే ఏం చేస్తావని నిలదీసింది.

"అడగనివ్వండి," అన్నాడు బ్రిండిల్. "ఒక్కరంటే ఒక్కరు నోరు తెరిచి మీరే కావాలని అడిగితే, ఆ పెట్టె తీసుకెళ్ళి నా గదిలో పెట్టుకుంటాను. మాటంటే మాటే."

మెట్లు దిగుతూ మాడ్జ్ ఏడవాలో నవ్వాలో తెలియక నవ్వింది. అడగాలట, ఈ ఊళ్ళో! టీలో ఈగ పడితే చెంచాతో పక్కకి తీసి, అబ్బే పర్వాలేదండీ అని తాగే జనం. కాలు తొక్కినవాడికి తనే క్షమాపణ చెప్పే జనం. వీళ్ళు నోరు తెరిచి అడిగేనాటికి సముద్రం హోటల్ మెట్ల దాకా వస్తుందని ఆవిడ లెక్క.

పొమ్మన్నందుకు కాదు ఎనిడ్ బాధ. ఆ కుర్రాడు చెప్పింది నిజమేనని తనకీ అనిపించింది, అదీ బాధ. ఎవరూ వినడం లేదని ఇన్నేళ్ళూ తనే కదా గొణుక్కుంది? ఇప్పుడు కొత్తగా వచ్చినవాడు కూడా అదే మాటంటే కాదని ఏ ముఖం పెట్టుకుని అంటుంది? ఉన్ని దుకాణం మీద అద్దెగది, ఆదివారం చర్చి, పిల్లిని గిల్లినట్టు ఫిడేలు వాయించే ఇద్దరు ముగ్గురు పిల్లలకి పాఠాలు. ఆ మూల పోతే మిగిలేది ఇదే. ఆ రాత్రి గదిలో ఒక్కతే కూర్చుని కోటు పాట రెండో సగం వాయించుకుందామని ఫిడేలు తీసింది. తీసి, మళ్ళీ పెట్టెలో పెట్టేసింది.

సోమవారం మనమూ వెళ్ళి కూర్చుందామంది మాడ్జ్. టోపీలు పెట్టుకుని, దర్జాగా, గిరాకీల్లాగా. ఎనిడ్ ససేమిరా అంది, చచ్చినా రానంది. తీరా ఆ రోజు మూడు కొట్టకముందే మంచి టోపీ పెట్టుకుని హోటల్ మెట్ల దగ్గర నిలబడి ఉంది. చేతిలో ఫిడేలు పెట్టె కూడా ఉంది. అదెందుకే అని మాడ్జ్ అడిగితే, ముందు వట్టి చేతుల్తోనే బయల్దేరాననీ, వీధి మలుపు తిరిగేసరికి ఒక భుజం పైకీ ఒకటి కిందికీ అయిపోయి నడక కుదరలేదనీ, వెనక్కెళ్ళి తెచ్చుకున్నాననీ చెప్పింది. క్లెమెంట్ గారు రెండో బంతికి వస్తానన్నారు. ఇన్నేళ్ళకి మధ్యాహ్నం కునుకు తీసే భాగ్యం కలిగిందట, దాన్ని వదులుకోరట.

హాల్లో అంతా మామూలే. కిటికీ పక్క మిసెస్ రిమ్మర్, గోడ వార పోస్టుమాస్టరు గారూ భార్యా, అందరూ ఎవరి బల్ల దగ్గర వాళ్ళు. మూలన ఉండే కుర్చీలు మాత్రం లేవు. పియానో మీద గుడ్డ కప్పి దానిమీద చాక్లెట్ కేకు పెట్టారు. అది చూసి ఎనిడ్ ముఖం తిప్పేసుకుంది.

రేడియోగ్రామ్ మొదలైంది. దిక్కుమాలిన పెట్టె, ఎంత బాగా వాయించిందనీ! తప్పు పట్టుకుందామని ఎనిడ్ చెవులు రిక్కించుకుని కూర్చుంది గాని వేలు పెట్టడానికి సందు దొరకలేదు. ఎక్కడివాళ్ళో, వందమంది ఫిడేలువాళ్ళు ఒక్క మనిషిలా వాయించారు. చెంచాలు ఎప్పట్లాగే గలగలలాడాయి. ఒక్కరూ మూల వైపు చూడలేదు.

"స్కోను తినవే," అంది మాడ్జ్. "ఇన్నేళ్ళూ వాసన పీల్చడమేగాని, వేడివేడిది ఒక్కటి తిన్నామా మనం?"

ఆ మాట నిజమే. వాళ్ళ వంతు వచ్చేసరికి ఎప్పుడూ చల్లారినవే మిగిలేవి. ఎనిడ్ మనసు ఎంత బరువుగా ఉన్నా నోరు మాత్రం దాని పని అది చేసింది. మీగడ వేసుకుని రెండు తిన్నది.

నాలుగుంపావు దాటింది. పళ్ళేలు ఖాళీ అయ్యాయి. మిసెస్ రిమ్మర్ తొడుగుల మీద చెయ్యి వేసి కూర్చుంది. డిస్కు ఒకటి అయిపోయింది. ఆవిడ కుర్చీ చేతుల మీద బరువు మోపి సగం లేచింది. టక్కుమని ఇంకో డిస్కు పడింది, పాట అందుకుంది. ఆవిడ మళ్ళీ కూర్చుంది. ఆవిడతో పాటు సగం లేచిన హాలంతా మళ్ళీ కూర్చుంది.

పాట నడుస్తుండగా లేచి పోవడమంటే మా ఊళ్ళో వాయించేవాళ్ళని చెంప మీద కొట్టినంత పని. కోటు పాటకి ఒక్కదానికే మినహాయింపు, ఎందుకంటే అది లేవమని చెప్పే పాట. పెట్టెకి చెంపలెక్కడివని మీరనొచ్చు. మా వాళ్ళకి ఆ తేడా తట్టలేదు, పాటంటే పాటే. ఆ పెట్టె చూస్తేనేమో ఊపిరి కూడా తీసుకోదు. ఒకటి అయీ అవకముందే టక్కు, ఇంకోటి. మిసెస్ రిమ్మర్ లేవడం, కూర్చోవడం. హాలు లేవడం, కూర్చోవడం. చర్చిలో కూడా వాళ్ళు ఇన్నిసార్లు లేచి కూర్చుని ఉండరు.

కూర్చున్నాక ఊరికే ఎలా కూర్చుంటారు? ఏదో ఒకటి తాగాలి కదా. బెరిల్ కొత్త జోళ్ళు అరిగేలా వేణ్ణీళ్ళ జగ్గులు మోసింది. కూజాల్లో టీ ఆకులు సారం చచ్చి ఎంతసేపటికీ వేణ్ణీళ్ళ రంగే వస్తోంది. ఐనా కమ్మగా ఉందంటూ తాగారు. బయట వాన పట్టుకుంది. రెండో బంతి వాళ్ళు మెట్ల మీదా, మెట్ల కిందా, వాకిలి దాటి గొడుగుల కిందా వరసగా నిలబడ్డారు. ఏమిటీ ఆలస్యమని ఒక్కరూ అడగలేదు. ముందున్నవాళ్ళు నిలబడ్డారు కనక వెనకున్నవాళ్ళు నిలబడ్డారు. ముందున్నవాళ్ళేమో తలుపు మూసుంది కనక నిలబడ్డారు.

బ్రిండిల్‌కి చెమటలు పట్టాయి. బల్ల బల్లకీ వెళ్ళి అంతా బాగుందా అని అడిగాడు. చాలా బాగుందన్నారు అందరూ. లేవండి అని ఎలా అంటాడు? అతనూ ఈ దేశంలో పుట్టినవాడే. చివరికి తెగించి మీట తిప్పి పెట్టె నోరు మూయించాడు. హాలు నిశ్శబ్దమైంది. జనం ఓపిగ్గా అలాగే కూర్చున్నారు.

"పాపం, వేడెక్కినట్టుంది," అంది మిసెస్ రిమ్మర్. "తొందరేం లేదు నాయనా, చల్లారనివ్వు. మేం ఉంటాం."

అతను నీరసంగా మళ్ళీ మీట తిప్పాడు.

ఇటు మాడ్జ్ పరిస్థితీ ఏం బాగాలేదు. ఐదింటి బస్సు అందుకోవాలి. అంతకంటే తొందర పని ఇంకోటి ఉంది, కుండల కొద్దీ టీ తాగిన మనిషి. నువ్వు లే, నీ వెనకాల నేను లేస్తానని ఎనిడ్‌ని పొడిచింది. నువ్వే లే ముందు అంది ఎనిడ్. కాసేపు ఒకళ్ళనొకళ్ళు మోచేతుల్తో పొడుచుకున్నారు గాని ఇద్దరిలో ఒక్కరూ లేవలేదు. వాళ్ళు మాత్రం ఎక్కణ్ణుంచి వచ్చారు, ఈ ఊరివాళ్ళే కదా.

అప్పుడు వెలిగింది ఎనిడ్‌కి. ముందు నమ్మబుద్ధి కాలేదు. చుట్టూ చూసింది. ప్రతి మనిషి చెయ్యీ తొడుగుల మీదో సంచి మీదో ఉంది. ప్రతి డిస్కు చివరా అందరి తలలూ కొంచెం పక్కకి వంగి, దేనికోసమో ఎదురుచూసి, మళ్ళీ నిటారు అవుతున్నాయి.

"మాడ్జ్," అంది. "వీళ్ళు కోటు పాట కోసం చూస్తున్నారే. వీళ్ళందరికీ తెలుసు. ఇన్నేళ్ళూ విన్నారే!"

ఒంటి మీద వేడినీళ్ళు పోసినట్టు హాయిగా అనిపించింది ఆవిడకి. మాడ్జ్ కూడా చుట్టూ చూసి, అవునంటూ తల ఊపింది. కానీ ఆవిడ నోరు ఊరుకోదు కదా.

"అంటే మనం ఇన్నేళ్ళూ బడిగంటన్నమాట. గంట కొట్టగానే పిల్లలు ఇంటికి."

సరదాకే అంది. ఎనిడ్‌కి మాత్రం ఆ హాయి అంతా దిగిపోయింది. నిజమే, గంటని ఎవరైనా వింటారా? గంట మోగితే లేస్తారు, అంతేగా. ఈలోగా బ్రిండిల్ వాళ్ళ బల్ల దగ్గరికి వచ్చి ఒంగాడు. నుదుటి మీద జుట్టు తడిసి అతుక్కుపోయి ఉంది. రెండో బంతి వరస వీధి మలుపు దాకా వెళ్ళిందనీ, వంటవాడు గరిట విసిరేశాడనీ, ఏం చేయాలో తోచడం లేదనీ గొంతు తగ్గించి చెప్పుకున్నాడు.

"వీళ్ళు ఎందుకు లేవడం లేదు మిస్ రాక్లిఫ్ గారూ?"

"పాట అయిపోలేదు కదా."

"అది అయిపోదండీ. అందుకే కదా కొన్నది!"

"మరి వాళ్ళూ లేవరు," అంది ఎనిడ్.

అతని చూపు ఫిడేలు పెట్టె మీద పడింది. ఎనిడ్‌కి ఒళ్ళు మండింది. కూర్చో నాయనా, నీ టక్కు పెట్టెతో తెల్లవార్లూ కూర్చో అందామని నోటి దాకా వచ్చింది. కానీ రెండో బంతికని వానలో తడిసొచ్చి మెట్ల మీద నిలబడి ఉండే క్లెమెంట్ గారి మోకాళ్ళ నొప్పులు గుర్తొచ్చాయి. ఐనా అంత తేలిగ్గా లేవలేదు.

"ఒక్కసారి మీరు వాయిస్తారా?" అన్నాడు బ్రిండిల్.

"ఒక్కరైనా నోరు తెరిచి అడగాలన్నారు మీరు. ఇప్పుడు ఎవరు అడుగుతున్నారు?"

బ్రిండిల్ చెవులు మళ్ళీ కందిపోయాయి.

"నేనండీ," అన్నాడు. "నేనే అడుగుతున్నాను."

"మాటంటే మాటే," అంది మాడ్జ్, కప్పు చాటున నవ్వుతూ.

పెట్టె ఆగింది. ఎనిడ్ టోపీ కూడా తీయకుండా వెళ్ళి తాటిమొక్క పక్కన తన పాత చోటులో నిలబడింది. వెనక పియానో మోగదు, పక్కన చెల్లో లేదు. ఆ మూల ఒక్కతే ఎప్పుడూ నిలబడలేదు. ఉద్యోగం వచ్చేసింది కదా, ఇంకా దేనికి భయమని తనని తాను తిట్టుకుంది. పాట మొదలుపెట్టింది.

మొదటి వరసకే హాలంతా ఊపిరి పీల్చుకుంది. చేతులు తొడుగుల్లో దూరాయి. బెరిల్ కోట్ల కోసం పరిగెత్తింది. కుర్చీలు కీచుమన్నాయి. సరే, గంటే కదా నేను, మోగుతాను అనుకుంది ఎనిడ్. మిసెస్ రిమ్మర్ లేచి నిలబడింది. నిలబడి మూల వైపు చూసింది. టోపీ పెట్టుకుని ఒంటరిగా వాయిస్తున్న మనిషిని చూసింది. ఏమనుకుందో ఏమో, తొడుగులు తీసి బల్ల మీద పెట్టి, నెమ్మదిగా మళ్ళీ కూర్చుంది.

ఆవిడ కూర్చుంటే ఇంకెవరు నిలబడతారు? ఒక చెయ్యి కోటులో, ఒక చెయ్యి బయట ఉన్న పోస్టుమాస్టరు గారు అలాగే కూలబడ్డారు. బెరిల్ కోట్ల మోపు గుండెలకి అదుముకుని గుమ్మంలోనే ఆగిపోయింది. బల్లలన్నీ ఒకదాని వెనక ఒకటి సద్దుమణిగాయి. రెండో సగం వచ్చింది. స్వరం కిందికి దిగింది. ఎనిడ్ అలవాటుగా రెండో చెవి హాలు మీద వేసింది. కిటికీ అద్దాల మీద వాన తప్ప ఏమీ వినపడలేదు. చెంచాలు ఆగాయి. ఒక్కటి కాదు, రెండు కాదు, అన్నీ.

ఆ నిశ్శబ్దంలో తన పాట తనకే కొత్తగా వినిపించి బెదిరిపోయింది. ఒకచోట స్వరం జారింది కూడా. తమాయించుకుంది. ఆ గుమ్మం దగ్గర ఆగే చోట ఎంతసేపు ఆగాలో అంతసేపూ ఆగింది. ఇన్నేళ్ళూ కుర్చీల చప్పుడుకి భయపడి ఎప్పుడూ తొందరపడిపోయేది, ఇవాళ తొందరేముంది? చివరి స్వరం సన్నగా సాగి సాగి పోయింది. కమాను దించేసరికి కళ్ళు మసకబారాయి. ఎంతో ఆశపడ్డది తీరా వచ్చి ఎదురుగా నిలబడితే ఎటు చూడాలో ఆవిడకి తెలియలేదు. కడుపులో మంట ఉండే చోట చల్లగా, హాయిగా ఉంది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అది పెంబ్రిడ్జ్. కానీ ఎవరూ లేవనూ లేదు. బ్రిండిల్ గోడకి ఆనుకుని రెండు చేతుల్తో తల పట్టుకున్నాడు.

"దీనికి రెండో సగం ఉందని ఎవరూ చెప్పలేదేం?" అంది మిసెస్ రిమ్మర్, ఎనిడ్ ఏదో దాచిపెట్టినట్టు. "ఇంతకాలం నా తొడుగుల గొడవలో నేను పడిపోయాను. మధ్యాహ్నం నుంచీ ఈ పాట కోసమే కూర్చున్నానమ్మాయ్. ఇంక వినపడదేమోనని బెంగ పట్టుకుంది. ఎవరిదీ పాట?"

"నాదేనండీ," అంది ఎనిడ్. ఆ ఒక్క మాట చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టింది.

"అలా చెప్పవేం మరి! చాలా బాగుంది." ఆవిడ తొడుగులు అందుకుంది. "ఇప్పుడు ఇంకోసారి వాయించు. మేం కోట్లు వేసుకోవాలి."

ఎనిడ్‌కి నవ్వొచ్చింది, కన్నీళ్ళతో పాటే వచ్చింది. ఫిడేలు మళ్ళీ గడ్డం కింద పెట్టుకుంది. ఈసారి కుర్చీలు కీచుమన్నాయి, గొడుగులు కిందపడ్డాయి, బెరిల్ కోట్లు పంచింది, మాడ్జ్ అందరికంటే ముందు తలుపు దాటి పరిగెత్తింది. ఇన్నేళ్ళుగా చెవిలో ముల్లులా గుచ్చుకున్న ఆ చప్పుడు ఎనిడ్‌కి ఆ పూట పాటలో భాగంలాగే వినపడింది.

మొదటి బంతి దిగుతుంటే రెండో బంతి ఎక్కింది. అందరికంటే ముందు క్లెమెంట్ గారు, టోపీ మీద నుంచి నీళ్ళు కారుతుండగా, తిన్నగా మూలకి వచ్చి ఎనిడ్ చెయ్యి పట్టుకున్నారు. మెట్ల మీద అందరూ ఊపిరి బిగబట్టి విన్నారని చెప్పారు. రెండో సగంలో ఒక స్వరం జారావమ్మాయ్ అన్నారు. అని, చెయ్యి మాత్రం వదల్లేదు. తర్వాత పియానో మీది కేకు తీసి తనే పక్కన పెట్టారు.

రేడియోగ్రామ్ ఇప్పుడు బ్రిండిల్ గదిలో ఉంది. ఆదివారాలు ఒక్కడే కూర్చుని దాని టక్కు వింటాడని బెరిల్ చెప్పింది. హాల్లో కోటు పాట బంతికి రెండుసార్లు వాయిస్తున్నారు. మొదటిసారి వినడానికి, రెండోసారి కోట్లు వేసుకోవడానికి. దాంతో రెండో బంతి రోజూ కాస్త ఆలస్యంగా మొదలవుతుంది. ఆ విషయం మీద ఇంతవరకూ ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు. చేసే ఊరైతే కదా.